గడ్డి చామంతి - వయ్యారిభామ

బనగానపల్లె అంటే మామిడి పండు. బనగానపల్లె అంటే నాపరాయి. ఈ ఊరు 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. ఇక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. రాతి నేలలు చాలా ఉన్నాయి.

ఇలాంటి చోట కూడా గడ్డి చామంతి బతుకుతుంది. ఎవరూ విత్తనం వేయరు. ఎవరూ నీళ్ళు పోయరు. చేని గట్టు మీద, దారి పక్కన, రాళ్ళ సందుల్లో అదే మొలుస్తుంది.

ఇది నేల మీద పాకుతుంది. ఆకులకు నూగు ఉంటుంది. పొడవాటి కాడ చివర ఒకే పువ్వు పూస్తుంది. నడుమ పసుపు, చుట్టూ తెల్లటి రేకులు. చూస్తే ఒక పువ్వే. నిజానికి అది చిన్న చిన్న పూల గుంపు. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు కూడా ఇంతే. ఇవన్నీ ఒకే కుటుంబం.

గడ్డి చామంతి గింజకు దూదిలాంటి కుచ్చు ఉంటుంది. అది గాలికి ఎగిరి కొత్త చోట పడుతుంది. అందుకే ఇది ఎక్కడ చూసినా కనిపిస్తుంది.

చిన్న గాయం తగిలితే పల్లెల్లో దీని ఆకు పసరు పిండుతారు. కానీ గాయం లోతుగా ఉంటే పసరుతో సరిపెట్టకూడదు. ఆసుపత్రికి పోవాలి. ధనుర్వాతం రాకుండా సూది వేయించుకోవాలి.

ఈ కుటుంబంలోనే ఒక చెడ్డ మొక్క ఉంది. అదే వయ్యారిభామ. రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. వయ్యారిభామను 1955 ప్రాంతంలో పూణేలో గుర్తించారు. తరవాత అది దేశమంతా పాకింది.

వయ్యారిభామ నిలువుగా, నడుము ఎత్తు పెరుగుతుంది. ఆకులు క్యారెట్ ఆకుల్లా చీలి ఉంటాయి. కొమ్మల నిండా చిన్న తెల్ల పూలు గుత్తులుగా పూస్తాయి. ఒక్క మొక్కకే వేల గింజలు కాస్తాయి.

దీన్ని మాటిమాటికీ తాకితే కొందరికి ఒళ్ళంతా దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి పీలిస్తే కొందరికి తుమ్ములు, ఆయాసం వస్తాయి. కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. 

ఏం చేయాలి?

పూత రాకముందే పీకాలి. వాన పడి నేల మెత్తబడ్డాక వేళ్ళతో సహా పీకాలి. ఉత్త చేతులతో పట్టుకోకూడదు. చేతులకు తొడుగు వేసుకోవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. పూత రాని మొక్కలను ఎరువు గుంతలో వేయవచ్చు. ఒక్కరు పీకితే చాలదు. పక్క చేలో గింజ రాలితే మళ్ళీ మొలుస్తుంది. అందరూ కలిసి పీకాలి.

చెప్పండి:
1. గడ్డి చామంతిని ఎలా గుర్తుపడతారు?
2. వయ్యారిభామను పూత రాకముందే ఎందుకు పీకాలి?
3. మీ వీధిలో వయ్యారిభామ ఎక్కడెక్కడ ఉంది? ఎప్పుడు పీకుదాం?