గర్భిణి సమ్మతి – చట్టము చెప్పునది

ప్రసవమునకై వైద్యశాలలో చేరిన స్త్రీకి శస్త్రచికిత్స చేయవలసి వచ్చినప్పుడు సమ్మతి పత్రముపై సంతకము చేయవలసినది ఎవరు? భర్తయా, అత్తగారా, తండ్రియా? మన ఇండ్లలో ఈ ప్రశ్న సాధారణముగా పుట్టదు. గది బయట నిలుచున్న పెద్దలు సంతకము చేయుదురు. చట్టము చెప్పు సమాధానము వేరు. యుక్తవయస్సు వచ్చి, తెలివిలో ఉన్న స్త్రీ తన చికిత్సకు తానే సమ్మతించవలెను. వలదనుటకును ఆమెకే అధికారము కలదు.

ఈ అధికారమునకు మూలము రాజ్యాంగములోని 21వ అధికరణము. 2009లో చండీగఢ్ నుండి సుప్రీంకోర్టుకు వచ్చిన వ్యాజ్యము దీనికి మంచి ఉదాహరణ. ప్రభుత్వ ఆశ్రమములో ఉన్న, మానసిక వికాసము తక్కువైన ఒక అనాథ యువతి అత్యాచారము వలన గర్భవతి యైనది. గర్భస్రావము చేయింపవలెనని హైకోర్టు ఆదేశించినది. బిడ్డను కని పెంచుకొందునని ఆమె కోరినది. సుప్రీంకోర్టు ఆమె కోరికనే మన్నించి, సంతానము విషయమున స్త్రీ నిర్ణయము వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పినది.

అంతకు ముందు 2008లో, సమీరా కోహ్లీ వ్యాజ్యమున, అదే న్యాయస్థానము మరియొక సూత్రమును స్థిరపరచినది. పరీక్షకు మాత్రమే సమ్మతించిన స్త్రీ మత్తులో ఉండగా, తల్లి అనుమతి తీసుకొని ఆమె గర్భసంచిని తొలగించిరి. ప్రాణాపాయము లేనప్పుడు తల్లి అనుమతి చెల్లదని కోర్టు నిర్ణయించినది. 2017లో వ్యక్తిగత గోప్యతపై వెలువడిన తీర్పులో, కృష్ణా జిల్లాలో జన్మించిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ చికిత్సను నిరాకరించు స్వేచ్ఛను, బిడ్డను కనుట మానుటలను గూర్చిన స్త్రీ నిర్ణయమును గోప్యత పరిధిలోనే చేర్చిరి.

సిజేరియన్ నిరాకరణను పేరుపెట్టి చెప్పిన చట్టము మనకు లేదు. ఈ సూత్రముల నుండియే దానిని గ్రహింపవలెను. ఇంగ్లాండులో 1998లో అప్పీలు న్యాయస్థానము, గర్భిణి వలదన్నను బలవంతముగా చేసిన సిజేరియన్ చట్టవిరుద్ధమని స్పష్టముగా చెప్పినది.

ఇది మనకు దూరపు విషయము కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగినవి. దేశములో ఇదే అత్యధికము. వాటిలో తల్లీబిడ్డల ప్రాణములు నిలిపినవి కలవు. ముహూర్తము కొరకు ఇంటివారు కోరినవియు కలవు. నిరాకరించు హక్కు అనగా వైద్యుని మాట పెడచెవిని పెట్టుట కాదు. ఆలస్యమైనచో కలుగు అపాయమును కూడ విని, తెలిసికొని, పిమ్మట నిర్ణయించుట.

తెలియని భాషలో ఉన్న పత్రముపై వేసిన వేలిముద్ర సమ్మతి కాజాలదు. వరంగల్లులో తెలుగు, ఉర్దూ రెండును నేర్చిన మన విద్యార్థినీ విద్యార్థులు ఇంటిలోను, వాడలోను ఆ పత్రమును చదివి వినిపింపగలరు. వినిపించిన పిమ్మట కలమును ఆ తల్లి చేతికే ఈయవలెనని మా మనవి.