సలహా చెప్పువారెవరు? ఎవరికి జవాబుదారులు?
ఐర్లండు పార్లమెంటు చర్చ

పరపతి సంఘపు లెక్కలను తనిఖీచేయు ఆడిటరును అధ్యక్షుడే ఏరుకొని, అతని నివేదికను బీరువాలో పెట్టి తాళము వేయవచ్చునన్నచో, సర్వసభ్య సమావేశమున సభ్యులు ఊరకుందురా? ఇట్టి ప్రశ్నయే శీతోష్ణస్థితి మార్పు విషయమున ఐర్లండు దేశపు పార్లమెంటునందు పుట్టినది. ఆ దేశము మనకు దూరమైనను, అచ్చటి పాడిరైతులు 1889లోనే సహకార పద్ధతిని వెన్న తీయు కేంద్రము స్థాపించుకొన్నవారు. వారి సంగతి మన సభ్యులకు తెలియుట మంచిదని తలంచి వ్రాయుచున్నాము.

బొగ్గు, పెట్రోలు మండించుటచే పుట్టు వాయువులు భూమి వేడిమిని పెంచుచున్నవి. పశువు నెమరువేయునపుడు త్రేనుపులతో వెలువడు మీథేను వాయువును అట్టిదే. (మన గేదెలును ఇందుకు మినహాయింపు కావు.) ఐర్లండు విడుచు వాయువులలో మూడవ వంతుకు మించి వ్యవసాయము నుండియే, అందును ముఖ్యముగా పశువుల నుండియే వచ్చుచున్నది. కావున అచ్చట సలహా సంఘమున నెవరు కూర్చుందురన్నది రైతు పశువులకొట్టము దాక పోవు ప్రశ్న.

2015 చట్టముచే నేర్పడిన సంఘమునకు ఒక అధ్యక్షుడు, 8 మొదలు 10 మంది వరకు సభ్యులు. వారిని నియమించునది ప్రభుత్వము. పర్యావరణ రక్షణ సంస్థ, ఇంధన సంస్థ, ఆర్థిక సాంఘిక పరిశోధన సంస్థ, చాగస్క్ అను వ్యవసాయ సంస్థ, ఈ నాలుగింటి పెద్దలకు పదవిరీత్యా స్థానము లభించినది. చిక్కంతయు ఇచ్చటనే వచ్చినది. ప్రభుత్వపు సొమ్ముతో నడచు సంస్థల పెద్దలు ప్రభుత్వపు లోపమును బయట చెప్పగలరా యని ఒక పక్షము. లెక్కలును అనుభవమును వారియొద్దనే యున్నవి, వారు లేనిచో సలహా గాలిమేడ యగునని మరియొక పక్షము. సంఘము తన విధులయందు స్వతంత్రమనియు, ఏటేట సమీక్ష వ్రాసి ప్రకటింపవలెననియు చట్టమున చేర్చిరి.

2021లో చట్టమును సవరించినపుడు ఇంధన సంస్థ, ఆర్థిక పరిశోధన సంస్థల పెద్దలకు పదవిరీత్యా గల స్థానము పోయినది. వాతావరణ శాఖాధిపతికి వచ్చినది. చాగస్క్ పెద్ద నిలిచెను. మా అభిప్రాయమున అది మేలే. మేత మార్చినచో వాయువెంత తగ్గునో, రైతునకు ఖర్చెంత యగునో పొలముగట్టున పనిచేయు సంస్థకు తెలిసినట్లు ఇతరులకు తెలియదు. అయినను పై నుండి వచ్చిన పథకమున లోపమున్నదని క్రింది యుద్యోగి చెప్పుట యెంత కష్టమో ప్రదర్శకులమైన మేమెరుగుదుము గనుక, ఎదుటిపక్షపు సందేహమును కొట్టివేయజాలము. సాగుచేయు రైతునకు మాత్రము ఇన్ని స్థానములని చట్టమున లేదు. వ్యవసాయ విధానమెరిగినవారు సంఘమునకు తగినవారని మాత్రమున్నది.

ఇక జవాబుదారీ. సవరణచట్టము ప్రకారము సంఘము ఐదేసి సంవత్సరములకు దేశమంతటికిని కర్బనపు పద్దు ప్రతిపాదించును. ఉభయసభలు దానిని ఆమోదింపవలెను. 2021-25కు 29 కోట్ల 50 లక్షల టన్నులు, 2026-30కి 20 కోట్ల టన్నులు అని 2022 ఏప్రిలులో ఆమోదము పొందినవి. పద్దును శాఖలకు పంచునది సంఘము కాదు, మంత్రివర్గము. వ్యవసాయము 2030 నాటికి, 2018తో పోల్చగా, నూటికి 22 మొదలు 30 వరకు తగ్గింపవలెనని ముందు చెప్పియుండిరి. రైతు సంఘములు చిన్న యంకెవైపు, పర్యావరణవాదులు పెద్ద యంకెవైపు లాగిరి. 2022 జూలైలో మంత్రివర్గము 25 అని తేల్చినది. దేశపు మొత్తము కొలత తప్పనుకొన్న రైతు సలహా సంఘపు లెక్కలను అడుగవలెను. తన వంతు ఎక్కువైనదనుకొన్నవాడు మంత్రిని అడుగవలెను. మంత్రులు ఏటేట ఉభయసభల సంయుక్త సంఘము ఎదుటికి వచ్చి, పరిమితి మించినచో కారణము చెప్పవలెనని 2021 చట్టము విధించినది. ఎవరిని అడుగవలెనో తెలియనిచోట రైతు కోపము దారి తప్పి, ఊరికి వచ్చిన ప్రదర్శకునిపై పడుట మేము కన్నదే.

మన దేశమున 2007లో శీతోష్ణస్థితి మార్పుపై ఒక మండలి ఏర్పడినది. అది పార్లమెంటు చేసిన చట్టముచే గాక ప్రభుత్వోత్తరువుచే ఏర్పడినది. దానికి ప్రధానమంత్రియే అధ్యక్షుడు. మంత్రులును, బయటి నిపుణులును అందు సభ్యులుగా కూర్చుండిరి. 2008 జూనులో ప్రకటితమైన జాతీయ కార్యప్రణాళికలో వ్యవసాయమునకు ప్రత్యేక విభాగము కలదు. ఐర్లండులో వలె ఏటేట నివేదిక వ్రాసి ప్రకటింపవలెనను చట్టపు కట్టుబాటు ఈ మండలికి విధింపబడలేదు.