హోటల్లో మన మాట: వడ్డన, వెల, మర్యాద

మన రాయచూరులో 'హోటల్' అంటే తినే చోటు. పడుకునే చోటుని లాడ్జి అంటాం. ఇంగ్లీషు నిఘంటువు ఏం చెప్పినా మన వాడుక ఇదే. ఇంట్లో తినేటప్పుడు మాటలతో పెద్దగా పని ఉండదు, అమ్మకు అన్నీ తెలుసు. హోటల్లో అలా కాదు. ఏం కావాలో, ఎంత కావాలో, ఏది బాగా లేదో మాటల్లోనే చెప్పాలి. అందుకే హోటల్ని భాషకు సంబంధించిన చోటుగా ఈ వ్యాసంలో చూద్దాం.

పూటకూళ్ళ ఇల్లు

హోటల్ అనే మాట రాకముందు తెలుగులో 'పూటకూళ్ళ ఇల్లు' ఉంది. కూడు అంటే అన్నం. డబ్బు తీసుకుని పూటకింత అన్నం పెట్టే ఇల్లు కాబట్టి ఆ పేరు. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న 'క్రీడాభిరామం'లో ఓరుగల్లులోని అలాంటి ఇంటి వర్ణన ఉంది. ఒక్క రూకకు ఏమేం పెడతారో ఒకే పద్యంలో చెప్పేస్తాడు కవి: మంచి అన్నం, గోధుమ పిండివంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. గమనించండి, పదార్థాల పట్టిక, వెల, ఎవరి ఇల్లు అన్నది, మూడూ అందులోనే ఉన్నాయి. మనం ఇవాళ మెనూ కార్డు అంటున్నది ఇదే కదా! తినకముందే వెల తెలియాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు.

గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ ఉంది. సంతలో సామాన్లు కొనిపెడతానని గిరీశం ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి వేరేచోట ఖర్చు పెట్టేస్తాడు. ఆమె చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికే వస్తుంది. గిరీశం మంచం కింద దాక్కుంటాడు. చదువుతుంటే నవ్వొస్తుంది గానీ, నవ్వయ్యాక ఆలోచించాలి. వంట చేసి బతికే ఒంటరి ఆడమనిషిని మాటకారి కస్టమర్ మోసం చేశాడు. హోటల్ వాళ్ళ వల్ల మనకు కష్టం వచ్చినట్టే, మన వల్ల వాళ్ళకూ వస్తుంది. కస్టమర్ అనుభవాలంటే రెండు వైపులా చూడాలి.

ఒకే బల్ల, రెండు భాషలు

1956 నవంబర్ 1 దాకా మన జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. తుంగభద్ర కాలువ నీళ్ళు వచ్చాక సింధనూరు, మాన్వి వైపు తెలుగు రైతుల క్యాంపులు వెలిశాయి. అందుకే మన ఊళ్ళో ఉడిపి హోటలూ, ఆంధ్రా మెస్సూ, చాయ్ బిర్యానీల హోటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక బల్ల మీద జొన్నరొట్టె, పక్క బల్ల మీద పప్పన్నం. పొద్దున్నే బొరుగులతో చేసే ఒగ్గరణి, దాంతో మిరపకాయ బజ్జీ. అదే వంటకం అనంతపురం, కర్నూలు వైపు వెళ్తే 'ఉగ్గాని' అవుతుంది.

మా నాన్నవైపు కన్నడం, అమ్మవైపు తెలుగు. కాబట్టి ఈ మాటల తేడాలు నాకు ఇంట్లోనే దొరికాయి. వాటికి ఒక క్రమం ఉంది. చాలా చోట్ల తెలుగు మాట మొదట్లో 'ప' ఉంటే ఇప్పటి కన్నడంలో 'హ' ఉంటుంది.

పాలు – హాలు
పండు – హణ్ణు
పెసలు – హెసరు
పులుపు – హుళి

అలాగే తెలుగులో 'వ' ఉన్నచోట కన్నడంలో 'బ' వస్తుంది.

వెన్న – బెణ్ణె
వెల్లుల్లి – బెళ్ళుళ్ళి
వెల – బెలె
వడ్డించు – బడిసు

చారుని వాళ్ళు 'సారు' అంటారు, కూరని 'పల్య' అంటారు. ఒక్క చోట జాగ్రత్త పడాలి. కన్నడంలో 'బెలె' అంటే వెల, 'బేళె' అంటే పప్పు. దీర్ఘంతో పాటు 'ల' కాస్తా 'ళ'గా మారితే పప్పు ధర అడగబోయి పప్పే అడిగినట్టవుతుంది! ఇంకొకటి, కన్నడంలో 'అన్న' అంటే అన్నం, 'అణ్ణ' అంటే అన్నయ్య. సప్లయర్ని పిలిచేటప్పుడు నాలుక సరిగ్గా తిరగాలి.

తెలుగులో వడ్డనకు విడివిడి క్రియలున్నాయి. అన్నం పెడతారు, కూర వేస్తారు, సాంబారు పోస్తారు. 'సాంబారు పెట్టండి' అంటే అర్థం అవుతుంది గానీ చెవికి ఇంపుగా ఉండదు. మనం ఇప్పుడు అన్నిటికీ 'సర్వ్ చేయండి' అంటున్నాం. ఒక్క మాటతో పని జరిగిపోతోంది, మూడు మాటలు పోతున్నాయి.

పిలుపులో ఉన్నదేమిటి

సప్లయర్ని మనం 'అన్నా' అంటాం, లేకపోతే 'అణ్ణా', 'భాయ్'. మెస్సు నడిపే పెద్దావిడని 'అమ్మా' అంటాం. ఇది మంచి అలవాటు. కానీ బల్ల తుడిచే చిన్నవాడి దగ్గరికి వచ్చేసరికి చాలామంది 'ఏయ్, ఇటు రా' అంటారు. 'అండి' ప్రత్యయం డబ్బుని బట్టి వస్తోందా, మనిషిని బట్టి వస్తోందా? వ్యాకరణం క్లాసులో గౌరవార్థక బహువచనం చదివిన మనం ఈ ప్రశ్న వేసుకోవాలి.

వాళ్ళు మనల్ని ఎలా పిలుస్తున్నారన్నది రెండో సంగతి. ఒకసారి అమ్మా, నేనూ, పద్నాలుగేళ్ళ తమ్ముడూ ఒక హోటల్‌కి వెళ్ళాం. ఆర్డర్ చెప్పింది అమ్మ, పర్సు ఉన్నది అమ్మ దగ్గర. సప్లయర్ మాత్రం 'ఇంకేం కావాలి సార్' అని తమ్ముణ్ణే అడిగాడు, బిల్లు కూడా వాడి ముందే పెట్టాడు. అమ్మ ఏమీ అనకుండా ప్లేటు తన వైపు లాక్కుంది. ఆ మనిషి చెడ్డవాడేం కాదు. మగవాళ్ళు ఉన్న బల్ల దగ్గర ఆడవాళ్ళని కస్టమర్‌గా చూడటం ఆయనకి ఎవరూ నేర్పలేదు.

'ఫ్యామిలీ రూమ్' అన్న బోర్డుని కూడా ఇలాగే చదవండి. నలుగురు స్నేహితురాళ్ళం వెళ్తే మమ్మల్ని లోపలి గదికి పంపేస్తారు. మేం ఫ్యామిలీ కాదు, కస్టమర్లం. లోపల కూర్చోవడం కొందరికి హాయి, అది వాళ్ళ ఇష్టం. కానీ హాల్లో ఫ్యాన్ కింద కూర్చోవాలనుకున్న వాళ్ళు అక్కడ కూర్చోవచ్చు. ఎందుకొచ్చిన గొడవ అని చాలామంది పార్సిల్ కట్టించుకుని హాస్టల్‌కి తెచ్చుకుంటారు. వేడి దోసె మెత్తబడి, చట్నీ కారిపోయి... అంతా ఒక్క మాట అనలేకపోవడం వల్ల.

బిల్లు చదవడం

బిల్లు కూడా ఒక పాఠమే. దాన్ని పై నుంచి కింది దాకా చదవాలి.

1. హోటల్ పేరుతో పాటు 14 అంకెల ఆహార భద్రత లైసెన్స్ నంబరు ఉండాలి.

2. మామూలు హోటల్ భోజనం మీద జీఎస్టీ 5 శాతం. చిన్న హోటళ్ళు కొన్ని కాంపొజిషన్ పద్ధతిలో ఉంటాయి. వాళ్ళు కస్టమర్ దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు.

3. సర్వీస్ ఛార్జీ పన్ను కాదు. దాన్ని బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. 2025 మార్చి 28న కోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఇష్టమైతే టిప్పు ఇస్తాం, అది మన ఇష్టం.

4. ఫోన్లో యాప్ ద్వారా తెప్పించుకుంటే ప్యాకింగ్, డెలివరీ ఛార్జీలు విడిగా పడతాయి. హోటల్లో ఉన్న ధరా, యాప్‌లో ఉన్న ధరా ఒకటే కావాలని లేదు. మొత్తం ఎంతో చూశాకే డబ్బు కట్టాలి. పొట్లం విప్పగానే తేడా కనిపిస్తే తినకముందే ఫోటో తీసుకోవాలి. తెచ్చిన అబ్బాయి మీద అరిచి లాభం లేదు, అతను వండలేదు.

ఫిర్యాదుకు కావలసిన వాక్యాలు

మనకు కోపం వస్తే అరుస్తాం, లేకపోతే మింగేస్తాం. మధ్యలో ఉండే భాష అలవాటు లేదు. ఈ మూడు వాక్యాలు చాలు.

'అన్నా, ఈ పెరుగు పులిసింది, మార్చి ఇవ్వండి.'
'మేం అడగనిది బిల్లులో ఉంది, తీసేయండి.'
'ఓనర్‌తో మాట్లాడాలి, పిలవండి.'

మూడింట్లోనూ తిట్టు లేదు. 'దయచేసి, ఏమనుకోకండి' లాంటి బతిమాలడమూ లేదు. జరిగినది చెప్పాం, కావలసినది అడిగాం. అప్పటికీ వినకపోతే 1915కి ఫోన్ చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌కి కూడా వెళ్ళవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. బిల్లు పారేయకుండా ఉంచుకోవాలి. బిల్లు లేకుండా ఫిర్యాదుని నిలబెట్టడం కష్టం.

బాగున్నప్పుడు బాగుందని చెప్పడం కూడా ఇందులో భాగమే. లోపల పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి జీతం అందుతుంది గానీ ఆ మాట అరుదుగా అందుతుంది. గల్లా దగ్గర డబ్బిచ్చేటప్పుడు 'ఇవాళ చారు చాలా బాగుందని వంటాయనకి చెప్పండి' అంటే సరిపోతుంది.

స్నేహితురాళ్ళకు చిన్న పని: ఈ వ్యాసం కింద తెల్ల కాగితం అంటించాం. మీ ఇంట్లో, మీ ఊరి హోటల్లో వాడే వంట మాటలు, వడ్డన మాటలు అందులో రాయండి. తెలుగు మాట ఎడమవైపు, కన్నడమో ఉర్దూవో కుడివైపు. మాన్వి నుంచి వచ్చేవాళ్ళ మాటలు, దేవదుర్గ వాళ్ళ మాటలు వేరుగా ఉంటాయని నా అనుమానం. కాగితం నిండితే చూద్దాం.