ధరల వార్త, మనసు నెమ్మది
మిర్చి, పసుపు నిల్వ ఉంచినవారికి ధర తగ్గినప్పటికంటే, తగ్గుతుందన్న వార్త విన్నప్పుడే దిగులెక్కువ. వార్త చదివే పద్ధతి తెలిస్తే ఆ దిగులు కొంత తీరుతుంది.

యార్డు ధరల పట్టీలో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడుంటాయి. గరిష్ఠం మేలురకం కొద్ది బస్తాలకు పలికినది కావచ్చు. ఎక్కువ సరుకు అమ్ముడైన ధర మోడల్, పోల్చుకోవలసింది దానితోనే. ఫ్యూచర్స్ ధర రాబోయే నెలలది, నేటి రొక్కం ధర కాదు.

2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు రూ. 11,781 జోక్యపు ధర ప్రకటించింది. అది 2.91 లక్షల టన్నుల పరిమితికే. శీర్షిక చూసి పొంగిపోయినవారికి ఆ పరిమితి ముఖ్యం.

సాగు ఖర్చు, కోల్డ్ స్టోరేజి అద్దె, వడ్డీ కలిపి క్వింటాలుకెంత పడిందో వ్రాసుకోవాలి. ఏ ధరకు కొంత అమ్మాలో, ధర రాకుంటే ఏ తేదీవరకు ఆగాలో ముందే నిర్ణయించుకోవాలి. నా మట్టుకు, యార్డు ముగిశాక రోజుకొకసారి ధర చూడడం చాలు. గంటగంటకూ ఫోను చూస్తే ధర పెరగదు, నిద్ర చెడుతుంది.

రోజుల తరబడి నిద్రపట్టకున్నా, బ్రతుకుపై విరక్తి కలిగినా 14416కు ఫోను చేయండి. 2022లో ప్రారంభమైన ఈ టెలి మానస్ సేవ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.