ఏజెన్సీ వైద్యుడికి ఆస్ట్రేలియా పల్లె కొలువు

ప్రశ్న: భద్రాచలం ఏజెన్సీ పీహెచ్‌సీలో పనిచేసే ఎంబీబీఎస్ వైద్యులు ఆస్ట్రేలియాలో గ్రామీణ కుటుంబ వైద్యులుగా స్థిరపడవచ్చా?

జవాబు: స్థిరపడవచ్చు. అయితే భారతీయ ఎంబీబీఎస్ ఒక్కటే అక్కడ చాలదు గనుక, సాధారణంగా ఆస్ట్రేలియన్ మెడికల్ కౌన్సిల్ రాత, క్లినికల్ పరీక్షల్లో నెగ్గి, సీనియర్ల పర్యవేక్షణలో పనిచేసి, ఆపై ఫెలోషిప్, అంటే కుటుంబ వైద్యంలో స్వతంత్రంగా ప్రాక్టీసు చేసే అర్హతను సంపాదించాలి. విదేశాల్లో చదివిన వైద్యుల సేవలకు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా చెల్లింపులు రావాలంటే, వారు సాధారణంగా 10 ఏళ్లపాటు వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లోనే పనిచేయాలన్న నిబంధన ఉన్నందున, చాలామందికి పల్లె కొలువు తప్పనిసరి అవుతుంది.

భద్రాచలం ఏజెన్సీలోని చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో, వేలికొసన తీసిన రక్తపు బొట్టుతో ఫాల్సిపారం మలేరియాను, అంటే మెదడుకు సోకి ప్రాణం తీయగల రకాన్ని, కిట్‌పై గుర్తించి, వాగులు పొంగకముందే నెలలు నిండిన గర్భిణిని భద్రాచలం ఏరియా ఆసుపత్రికి పంపే వైద్యుడికి, దూరాన్ని లెక్కగట్టి చికిత్స నిర్ణయించే నేర్పు అబ్బుతుంది. పెద్దాసుపత్రి గంటల దూరంలో ఉండే ఆస్ట్రేలియా పల్లెకు ఇంతకు మించిన శిక్షణ అరుదు. అక్కడి వృద్ధుల దీర్ఘవ్యాధులనూ, మానసిక ఆరోగ్యాన్నీ మాత్రం కొత్తగా చదవవలసిందే. వైద్యుల అవసరం ఈ అడవి పల్లెలకూ తీవ్రంగా ఉన్నందున, వెళ్లదలచినవారు తమ స్థానంలో మరొకరు చేరేందుకు వీలుగా అధికారులకు ముందుగానే తెలియజేయాలి.