సొంత లారీ నడుపువారికి లెక్కల పాఠము

లారీ కొని తానే నడుపదలచిన రైతు ముందుగా తెలిసికొనవలసినది కిలోమీటరుకగు ఖర్చు. ఖర్చులు రెండు తెగలు. బండి కదలకున్నను తప్పనివి అప్పు వాయిదా, బీమా, పన్ను, పర్మిటు, తన జీతము. కదలినకొలది పెరుగునవి డీజిలు, టోలు, టైర్లు, మరమ్మతులు.

తప్పని ఖర్చు నెలకు 75,000 రూపాయలు, తిరుగుడు 5,000 కిలోమీటర్లు అనుకొందము. కిలోమీటరుకు 15 రూపాయలగును. లీటరు 95 రూపాయల డీజిలుతో 5 కిలోమీటర్లు నడచిన, 19. తక్కిన కదలిక ఖర్చులు 6. వెరసి 40.

మిరప బస్తాలను 300 కిలోమీటర్ల దూరము చేర్చి వట్టి బండితో మరలినచో 600 కిలోమీటర్లకు 24,000 ఖర్చు. బాడుగ 18,000 అయినచో, డీజిలు పోగా చేత మిగిలిన 6,600 లాభమువలె కనబడును. నిజమునకది 6,000 నష్టము. తిరుగు బాడుగ 8,000 దొరికెనా, నష్టము తీరి 2,000 మిగులును.

నష్టము పూడ్చుటకై అధిక బరువు వేయరాదు. రెండిరుసుల ఆరు చక్రముల లారీకి 2018 నుండి బండితోసహా హద్దు 18.5 టన్నులు. మీరినచో 2019 సవరణ చట్టము ప్రకారము జరిమానా 20,000, అదనపు టన్నుకు 2,000 చొప్పున మరియొకటి.

కావున రైతులారా, తిరుగు బాడుగ ఎచ్చట దొరకునో విచారించి, పిమ్మటనే అప్పు పత్రముపై చేవ్రాలు చేయుడు.