నగర రూపకల్పన బోధనలో క్రీడాపద్ధతి

వైకుంఠపాళి నెరుగని తెలుగువారు అరుదు. అందు సద్గుణములు నిచ్చెనలు, దుర్గుణములు పాములు. పావు కదలుటతోనే నీతిపాఠము నడచును. ఐనను ఆ ఆటలో ఆటగాని వివేకమునకు చోటు లేదు. గవ్వలు పడినట్లే గతి. పటము బోధించునది యొకటి, నియమము బోధించునది మరియొకటి. వాస్తుశిల్ప, నగర రూపకల్పన విద్యలలో ఆటలను బోధనసాధనములుగా గ్రహించువారు ముందుగా గమనింపవలసిన భేద మిదియే.

నగర ప్రణాళికా విద్యలో ఈ పద్ధతికి 1960 దశకమున ప్రాచుర్యము కలిగెను. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున ఆలన్ ఫెల్ట్ రూపొందించిన ‘కమ్యూనిటీ లాండ్ యూస్ గేమ్’ ఇందుకు ప్రసిద్ధోదాహరణము. అందు గళ్ళపటమే నగరము. విద్యార్థులు జట్లుగా ఏర్పడి నేల కొందురు. కర్మాగారములు, ఇండ్లు, అంగళ్ళు కట్టుదురు. పన్నులను గూర్చి కలిసి నిర్ణయింతురు. పనిచోటునకు ఇల్లు దూరమైనకొలది రవాణా వ్యయము పెరుగును. ఉపన్యాసమున సూత్రమాత్రముగా తోచిన భూమివిలువ, ఇచట సొంత లాభనష్టములుగా అనుభవమునకు వచ్చును. నియమము లన్నియు ఆటగాండ్ర యెదుటనే యుండుట దీని గుణము.

1989లో వెలువడిన ‘సిమ్‌సిటీ’ కంప్యూటరుపై నగరమును కట్టించెను. దాని కర్త విల్ రైట్, జే ఫారెస్టర్ 1969లో ప్రకటించిన ‘అర్బన్ డైనమిక్స్’ గ్రంథమునుండి ప్రేరణ పొందెను. కాని యిందు నియమములు యంత్రగర్భమున దాగియుండును. ఆ తొలికూర్పున నివాస, వ్యాపార, పరిశ్రమ మండలములు వేరువేరు. క్రింద అంగడి, మీద ఇల్లు గల వీధిని కట్ట వీలులేదు. హైదరాబాదు పాతబస్తీ బజారులు, ఢిల్లీ చాందినీ చౌక్ అట్టి మిశ్రమముతోనే పెరిగినవి. ఆట నియమమునే నగరస్వభావమని నమ్మిన విద్యార్థికి తన ఊరి వీధియే దోషముగా కానవచ్చును. రేపు అతడు గీయు పటమున ఆ చిల్లర వర్తకునకు చోటుండదు.

2012లో ఐక్యరాజ్యసమితి మానవ నివాసముల సంస్థ, ‘మైన్‌క్రాఫ్ట్’ నిర్మాతలగు మొజాంగ్ సంస్థతో కలిసి ‘బ్లాక్ బై బ్లాక్’ కార్యక్రమము నారంభించెను. నేపాలులోని కీర్తిపురము మొదలగు చోట్ల స్థానికులు కంప్యూటరు తెరపై దిమ్మెలు పేర్చి తమ బహిరంగస్థలముల నమూనాలను కల్పించిరి. నక్షా చదువ నేరనివారికిని తమ కోరికను రూపముగా చూపుట కిది మార్గము. ఐతే అచట దిమ్మెకు ధర లేదు, నేలకు యజమాని లేడు. ఈ కొరతను కార్నెల్ ఆట తీర్చును. దానిలో లేని స్థలరూపమును ఇది చూపును. ఒక ఆట లోపమును తెలుపుటకు మరియొక ఆట తోడ్పడును.

లక్ష్యమునుబట్టి లక్షణ మనుట వైయాకరణులకు తెలిసిన మాటయే. ప్రయోగమును సూత్రమున కిమడ్చుటకై భాషను నరకరు; సూత్రమునే సవరింతురు. నగరమునకు ఆటతో గల సంబంధమును అట్టిదే. కావున ఆట ముగిసిన పిదప జరుగు చర్చయే అసలు పాఠము. ఏ నియమము ఎవరికి లాభించెను? ఎవరు పటమున కెక్కకపోయిరి? ఈ ప్రశ్నలతో విద్యార్థులు నిజమైన వీధిలో నడచి, నియమమును తిరిగి వ్రాసి, మరల ఆడవలెను. ఆటలో గెలిచినవానికంటె నియమమును సవరింప గలిగినవాడే నగరమును బాగుగా నెరిగినవాడు.